అప్పర్ పైన్స్‌లో మా పక్క సైట్

ఆరుగురికి ఇచ్చే క్యాంపింగ్ సైట్‌లో పదహారు మంది దిగారు. అయిదు కార్లు. పైగా మన తెలుగువాళ్ళే. మే ఆఖర్లో వచ్చే మెమోరియల్ డే వారాంతానికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాక మా ఇంట్లో అక్కడి హాఫ్ డోమ్ కొండ ఊసెత్తినవాళ్ళు లేరు. ఎవరు ఫోన్ చేసినా నాన్న చెప్పేది పక్క సైట్ గోలే. ఆయన చెప్పే కథలో తప్పంతా నాది కాబట్టి నా వైపు సంగతి కూడా ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు ఖర్చులు. యోసెమిటీ లోయలో కార్లతో వెళ్ళేవాళ్ళకి మూడు క్యాంప్‌గ్రౌండ్లు: అప్పర్ పైన్స్, లోయర్ పైన్స్, నార్త్ పైన్స్. వీటిలో అప్పర్ పైన్స్ పెద్దది. ఐదు నెలల ముందు దాకా ఉన్న తేదీలను నెలకో విడతగా, 15వ తేదీ ఉదయం 7 గంటలకు ఆన్‌లైన్‌లో తెరుస్తారు. మే ఆఖరి వారం కావాలంటే జనవరి 15న కూర్చోవాలి. నేనొక లాప్‌టాప్, మా ఆవిడ ఒక లాప్‌టాప్ పట్టుకుని, తెరవగానే నొక్కితే ఆమెకి దొరికింది, నాకు దొరకలేదు. ఈ మాట ఆమె దారంతా చెబుతూనే ఉంది. సైట్‌కి రాత్రికి 36 డాలర్లు, మూడు రాత్రులకి 108. పార్కులోకి కారుకి 35 అవుతుంది గానీ మా దగ్గర 80 డాలర్ల ఏడాది పాస్ ఉంది. లోయలో కింద పడిన పుల్ల కూడా ఏరకూడదు కాబట్టి కట్టెలు కొనాల్సిందే. మూడు కట్టలకి 33 డాలర్లు పెట్టాం. ఫ్లష్ టాయిలెట్లు శుభ్రంగానే ఉన్నాయి. స్నానాల గదులు మాత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో లేవు, లోయలోనే ఉన్న కర్రీ విలేజ్ అనే బస దాకా పోవాలి. రెండో రోజు నుంచే అమ్మకి ఇది పెద్ద బాధ అయింది. స్నానం చేయకుండా దీపం ఎలా పెట్టనురా అంటుంది. డేరా దగ్గర దీపం ఎవరు పెట్టమన్నారని నాన్న.

అమ్మానాన్నలు, మేమిద్దరం, పిల్లలిద్దరు. సరిగ్గా ఆరుగురం. ఆరు అన్నది గుర్తుపెట్టుకోండి. సైట్‌కి పిల్లలతో సహా ఆరుగురు, రెండు కార్లు, అంతకు మించకూడదు. ఏడో మనిషిని ఇరికిద్దామా అని మా బావమరిది గురించి మా ఆవిడ అడిగితే నేనే వద్దన్నాను.

శుక్రవారం సాయంత్రం టెంట్ వేస్తుంటే పక్కనుంచి తెలుగు వినిపించింది. నాన్నకి ప్రాణం లేచొచ్చింది. నెలన్నరగా ఫ్రీమాంట్‌లో మా ఇంటి గోడలు చూస్తూ కూర్చున్న మనిషి కదా, మేకులు నా చేతిలో వదిలేసి అటు వెళ్ళిపోయారు. పావుగంటలో వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ నాన్నల ఉద్యోగాలు, ఎవరి చుట్టాలు నరసరావుపేటలో ఏ వీధిలో ఉంటారు, అన్నీ రాబట్టుకుని, ఒక ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలతో తిరిగొచ్చారు. బజ్జీలు బాగున్నాయి. వాము పెట్టి, నిలువునా చీరి, లోపల ఉల్లిపాయ, నిమ్మరసం. అడవిలో నూనె కాచి అంత ఓపిగ్గా చేశారంటే మెచ్చుకోవాల్సిందే. ఆ రాత్రి వాళ్ళు ఆరుగురే. పదింటికల్లా సద్దుమణిగారు.

శనివారం వెర్నల్ ఫాల్ జలపాతం దారిలో వంతెన దాకా అమ్మానాన్నలు కూడా నడిచారు, పిల్లలు తడిశారు, అందరికీ ఆకలేసింది, బాగుంది.

తిరిగొచ్చేసరికి పక్క సైట్‌లో ఇంకో మూడు కార్లు. ఒకటి పైన్ చెట్టు వేళ్ళ మీదికి ఎక్కించారు. ఇంకోదాని ముందు చక్రాలు మా సైట్‌లో ఉన్నాయి. రెండు కొత్త టెంట్లు నిప్పుగుంట దాటి, తొక్కొద్దని బోర్డు ఉన్న గడ్డి మీద వేశారు. టేబుల్ మీద అల్యూమినియం ట్రేలలో చికెన్ బిర్యానీ, పక్కన నేల మీద కూలర్లు, పెరుగు డబ్బాలు, కేకు. ఎవరిదో పుట్టినరోజు. బ్లూటూత్ స్పీకర్ మా డేరా వైపు తిప్పి పెట్టారు.

ఇక్కడ బిర్యానీ బయట పెట్టడమంటే మర్యాద తప్పడంతో పోయే సంగతి కాదు. ప్రతి సైట్‌కి ఇనుప బేర్ లాకర్ ఒకటి ఇస్తారు. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు, వాసన వచ్చేది ఏదైనా వాడనప్పుడు అందులోనే పెట్టి గొళ్ళెం వేయాలి. చీకటి పడ్డాక కారులో కూడా ఉంచకూడదు, ఎలుగుబంటి కారు తలుపుని అవలీలగా వంచేస్తుంది. 1998లో ఒక్క యోసెమిటీలోనే ఇలాంటి ఘటనలు 1,500 పైన జరిగాయి, ఆరున్నర లక్షల డాలర్ల నష్టం. ఆ తర్వాత లాకర్లు, రాత్రి గస్తీ, జరిమానాలు గట్టిగా పెట్టాకే తగ్గాయి. ఇప్పుడు జరిమానా 5,000 డాలర్ల దాకా ఉంటుంది. మనుషుల తిండికి అలవాటు పడ్డ ఎలుగు భయం పోయి టెంట్ల మీదికి వస్తుంది. చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. ఇదంతా గేటు దగ్గర ఇచ్చిన కాగితంలో ఉంది. మా పెద్దవాడు అది చదివి, తన జేబులో ఉన్న చూయింగ్ గమ్ కూడా లాకర్లో పెట్టాడు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా క్వయట్ అవర్స్, అంటే చప్పుడు చేయకూడదు. మే నుంచి సెప్టెంబర్ వరకు లోయలో నిప్పు సాయంత్రం అయిదు నుంచి పదింటి దాకానే, పొగ లోయలో నిలిచిపోతుందని. పది దాటాక పది నిమిషాలు ఆగి నేనే వెళ్ళాను. మంట నడుమెత్తు ఉంది. నవ్వుతూనే చెప్పాను, పిల్లలు పడుకున్నారు, టైమయింది అని.

"అయ్యో సారీ అన్నా. బర్త్‌డే కదా, ఒక్క అరగంట అన్నా."

సరే అన్నాను. పదీ నలభైకి పాటల గొంతు ఇంకా పెరిగింది. నాన్న నన్ను ఆపి, పెద్దవాణ్ణి, నేను చెబితే వింటారు అని శాలువా కప్పుకుని వెళ్ళారు. "రండంకుల్, మీరూ ఒక పాట పాడాలి" అంటూ కుర్చీ వేశారట. ఆయన పాడలేదు గానీ, చెప్పాల్సింది చెప్పలేక, చేతిలో కేకు ముక్కతో తిరిగొచ్చారు. ఆ కేకు లాకర్లో పెట్టడానికి మళ్ళీ నేను లేవాలి.

అప్పుడొచ్చింది అసలు సంగతి. అటు పక్క ఆర్‌వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, ఉన్న పెద్దాయన టార్చ్ వేసుకుని మా టెంట్ దగ్గరికొచ్చి, మీ వాళ్ళకి కొంచెం చెబుతారా అన్నాడు. మీ వాళ్ళు! మూడు టెంట్ల అవతల నుంచి చూస్తే మేమూ వాళ్ళూ ఒకటే గుంపు. చెప్పొచ్చాం, వినలేదు అన్నాను. నమ్మాడో లేదో. నాకు నిద్ర చెడినదానికంటే ఆ చూపుకే ఎక్కువ మండింది.

"కంప్లైంట్ ఇస్తే పొద్దున మొహాలెలా చూసుకుంటాం?" అంది మా ఆవిడ. "వాళ్ళ బజ్జీలు తిన్నాం కదరా" అన్నారు నాన్న. నేను జోళ్ళు వేసుకుని క్యాంప్ హోస్ట్ సైట్‌కి నడిచాను. హోస్ట్ అంటే వాలంటీర్ ఉద్యోగం, ఆమె గొడవ తీర్చదు, రేడియోలో రేంజర్‌ని, అంటే పార్కు అధికారిని, పిలుస్తుంది. విసుక్కోకుండా సైట్ నంబర్ అడిగి పిలిచింది.

ఇద్దరు రేంజర్లు వచ్చారు. గొంతు పెంచలేదు. ముందు స్పీకర్ ఆపించారు, తర్వాత మంట మీద బకెట్లతో నీళ్ళు పోయించారు, తర్వాత తలలు లెక్కపెట్టారు. పదహారు. బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో అతని ఐడీ అడిగి పక్కకి తీసుకెళ్ళి మాట్లాడారు. ఏదో కాగితం రాసిచ్చారు, ఎంత పడిందో నాకు తెలియదు, అడిగే మొహం కూడా లేదు. ఆరుగురు ఉండొచ్చు, మిగిలినవాళ్ళు కార్లు తీసి వెళ్ళాలి అన్నారు. పార్కులో కార్లలో పడుకోవడం కూడా కుదరదు. టెంట్లు విప్పి, పరుపులు గాలి తీసి, మూడు కార్లూ కదిలేసరికి పన్నెండున్నర. ఆ గాలి తీసే చప్పుడు పాటలకంటే ఘోరం. కొందరి ఒళ్ళో పిల్లలు నిద్రపోతున్నారు, అది చూసి నాకూ కష్టంగానే అనిపించింది.

ఇక బిర్యానీ. పదహారు మంది తిండి ఆరుగురి లాకర్లో పడుతుందా? ట్రేలు ఎటు తిప్పినా పట్టలేదు. చివరికి రెండు ట్రేలూ ఎలుగు తెరవలేని ఆ పెద్ద చెత్తపెట్టెలో వేయించారు. టెంట్ జిప్పు సందులోంచి అమ్మ ఇది చూసింది. "అన్నం పారబోయించావు" అంది నాతో. రేంజర్ని అనలేదు, వాళ్ళని అనలేదు, నన్నంది.

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఆర్‌వీ పెద్దాయన జెనరేటర్ వేశాడు. ఇక్కడ జెనరేటర్‌కి పొద్దున ఏడు నుంచి తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, సాయంత్రం అయిదు నుంచి ఏడు, అంతే. రాత్రి మాకు రూల్స్ గుర్తుచేసిన మనిషి! నేను వెళ్ళి గడియారం చూపించాను. కాఫీ కోసం అన్నాడు, ఆపాడు, ఏడింటికి మళ్ళీ వేశాడు. ఆయన మీద కూడా కంప్లైంట్ ఇస్తావా అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. చెప్పగానే ఆపాడు కాబట్టి ఇవ్వలేదు.

తొమ్మిదింటికి పక్క సైట్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మీరేనా పిలిచింది అంది. నేనే అన్నాను. "తెలుగువాళ్ళయ్యుండి కూడా ఇలా చేస్తారనుకోలేదండీ." అరగంట అడిగారు, ఇచ్చాను, ఆ తర్వాత ఇంకో ముప్పావుగంట ఆగాను, మా నాన్నని కూడా పంపాను అన్నాను. ఆమె దానికి జవాబివ్వలేదు. ఆమె చంకలో పిల్లాడు మా స్టవ్ మీద ఉప్మా వైపు చూస్తుంటే అమ్మ నన్ను పక్కకి తోసి, గిన్నె నిండా పెట్టి, పైన కాస్త నెయ్యి వేసి ఇచ్చింది. పిల్లాడు తిన్నాడు. ఆమె గిన్నె కడిగి తెచ్చిచ్చింది, నాతో మాత్రం మాట్లాడలేదు. నాన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అద్దంలా ఉన్న మిర్రర్ లేక్ కూడా ఆయన్ని కదిలించలేదు.

నాకు కోపం తెప్పించే లెక్క ఇంకొకటుంది. పదహారు మందికి ఇక్కడ వేరే ఏర్పాటు లేక కాదు. లోయ బయట హాడ్జ్‌డన్ మెడో, వవోనా లాంటి చోట్ల గ్రూప్ సైట్లు ఉన్నాయి. 13 నుంచి 30 మంది దాకా, రాత్రికి 75 డాలర్లు. పదహారు మంది పంచుకుంటే మనిషికి అయిదు డాలర్లు కూడా పడదు. ఆ బిర్యానీ ట్రే ఒక్కదాని ఖరీదు అంతకంటే ఎక్కువ. లోయలోనే కావాలి, హాఫ్ డోమ్ కనబడాలి అంటే రెండు మూడు సైట్లు బుక్ చేయాలి, పొద్దున ఏడింటికి అందరూ లాప్‌టాప్‌లు తెరవాలి. ఒకరు బుక్ చేస్తే పదిహేను మంది వెనకాల వచ్చేయడం మనకి పెళ్ళిళ్ళలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

ఇలాంటి పక్కవాళ్ళు తగిలితే నేను చెప్పేది ఒకటే: ఒక్కసారి మంచిగా చెప్పండి, రెండోసారి హోస్ట్ దగ్గరికి పోండి. మధ్యలో పెద్దవాళ్ళని రాయబారం పంపొద్దు, వాళ్ళకి కేకు పెట్టి పంపిస్తారు. అరవొద్దు, ఫోన్‌లో వీడియో తీయొద్దు. లోపల సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి వెళ్ళగానే హోస్ట్ సైట్ ఎక్కడో, గేటు దగ్గర కియోస్క్ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో చూసిపెట్టుకోండి. బయట తిండి కనిపిస్తే మాత్రం పది దాకా కూడా ఆగొద్దు. తోటి తెలుగువాళ్ళకి చెబితే బాగోదేమో అన్న మొహమాటం వాళ్ళకే నష్టం, 5,000 డాలర్లు ఊరికే రావు. సైట్ ఎంచుకునేటప్పుడు టాయిలెట్లకి ఎదురుగా ఉన్నవి వదిలేయండి, రాత్రంతా తలుపు కొట్టుకుంటూనే ఉంటుంది. నిశ్శబ్దమే ముఖ్యమైతే కాలిఫోర్నియా స్టేట్ పార్కులు నాకు నచ్చాయి. అక్కడ సైట్‌కి ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, మా బావమరిది కూడా పడతాడు. జెనరేటర్ పొద్దున పదింటికి ముందు, రాత్రి ఎనిమిది తర్వాత వేయకూడదు.

సోమవారం దిగొచ్చి, దారిలో అమ్మ స్నానం కోసమే ఒక మోటెల్‌లో రాత్రి ఆగాం. 189 డాలర్లు, పన్నులు అదనం. అంటే క్యాంపింగ్ మూడు రాత్రులకంటే ఎక్కువ. వేడినీళ్ళు పది నిమిషాలకి చల్లబడ్డాయి, పై గదిలో ఎవరో రెండింటిదాకా టీవీ పెట్టారు. రిసెప్షన్‌కి ఫోన్ చేయమంటారా అని అడిగితే నాన్న మొదటిసారి నోరు విప్పి, "చెయ్యి" అన్నారు.