గుహా, ఎముకల గుడిసా? మంచుయుగపు ఐరోపాలో రెండు రకాల ఇళ్లు

ఆదిమానవుడు అనగానే మనకు చీకటి గుహే గుర్తొస్తుంది. కానీ గుహ దొరకాలంటే ముందు కొండ ఉండాలి కదా!

ఫ్రాన్స్‌లోని వెజేర్ లోయలో ఆ ఇబ్బంది లేదు. అంతా సున్నపురాయి కొండలే. అక్కడివాళ్లు ఎక్కువగా కాపురం పెట్టింది గుహ లోతుల్లో కాదు, చూరులా ముందుకు వచ్చిన రాతి కింద. దక్షిణానికి తెరుచుకున్న చోటైతే చలికాలపు ఎండ నేరుగా పడుతుంది. కట్టే శ్రమే లేదు.

ఉక్రెయిన్ మైదానాల్లో కొండ లేదు, చెట్లూ తక్కువే. అక్కడివాళ్లు మామత్ (ఇప్పుడు అంతరించిపోయిన, ఒళ్లంతా బొచ్చున్న ఏనుగులాంటి జంతువు) ఎముకలతో ఇల్లు కట్టుకున్నారు! 1965లో మెజిరిచ్ అనే ఊళ్లో ఒక రైతు తన నేలమాళిగను పెద్దది చేసుకుంటుంటే ఒక మామత్ దవడ బయటపడింది. తవ్వుకుంటూ పోతే నాలుగు గుడిసెలు తేలాయి. ఒకదాని గోడ చుట్టూ 95 కింది దవడలు, ఒకదానిలో ఒకటి ఇమిడేలా, చాప అల్లినట్టు పేర్చారు. పైన తోళ్లు కప్పి ఉంటారు. ఇదంతా వాటంతట అవే చనిపోయిన జంతువుల ఎముకలు కూడా ఏరి తెచ్చి, మోసి చేసిన పని. ఎన్ని చేతులు కలిసి ఉంటాయో!

సుఖం అడిగితే రాతి చూరే. కానీ నా ఓటు ఎముకల గుడిసెకే. కొండ ఉన్నచోటికి మనిషి వెళ్లక్కర్లేదు, మందలు తిరిగేచోటే ఇల్లు లేస్తుంది. కట్టెలు చాలని ఆ నేలలో పొయ్యిలోకి కూడా ఎముకలే వేసేవారు.