వెనక కాళ్లు లేని కుర్చీతో ఆరేళ్లు

ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు, ముందు కాళ్ల గొట్టమే వెనక్కి వంగి నేల మీద ఆనుకునే ఈ కుర్చీని చూసి అడిగే మొదటి మాట, "కూర్చుంటే వెనక్కి పడిపోమా?" అని. ఆరేళ్లయింది, ఎవరూ పడలేదు. నేను ఎనభై కిలోల మనిషిని, మెల్లగా కూర్చునే అలవాటు కూడా లేదు, ధబీమని కూలబడతాను.

డిజైన్ పాతదే. 1926లో డచ్ ఆర్కిటెక్ట్ మార్ట్ స్టామ్ గ్యాస్ పైపు ముక్కలు కలిపి వెనక కాళ్లు లేని కుర్చీకి నమూనా చేశాడు, అది ఊగేది కాదు, బిర్రుగా ఉండేది. మరుసటేడు జర్మన్ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె గొట్టాన్ని ముందువైపు పెద్ద వంపు తిప్పి దానికి స్ప్రింగు గుణం తెచ్చాడు. 1928లో డిజైనర్ మార్సెల్ బ్రాయర్ చేసిన పేము అల్లిక కుర్చీ, తర్వాత చెస్కా అని పేరుపడింది, బహుశా మీరు చూసే ఉంటారు. నాది దాని పోలికే, కాకపోతే క్రోమ్ బదులు నల్లటి పౌడర్ కోటింగ్, పేము బదులు నైలాన్ వల.

ఆ ఊగడం గురించే చెప్పాలి. ఉయ్యాలలా కాదు, కూర్చోగానే సీటు ఓ వేలెడు కిందకి దిగి మళ్లీ కాస్త లేస్తుంది, అంతే, కానీ అన్నం తిన్నాక చెయ్యి ఆరిపోయేదాకా కబుర్లు చెప్పుకునే రోజుల్లో నడుం పట్టేయకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. మనకి తెలియకుండానే కదులుతూ ఉంటాం. అదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేద్దామంటే మాత్రం చిరాకు, ముందుకి వంగిన ప్రతిసారీ సీటు కూడా వంగుతుంది, గంట దాటితే తొడల కింద గట్టి అంచు తెలుస్తుంది. నెల రోజులు ప్రయత్నించి ఆఫీసు కుర్చీకే తిరిగిపోయాను.

రెండో ఏడు కిర్రు కిర్రుమనడం మొదలైంది. గొట్టం పగిలిందేమోనని టెన్షన్ పడి తిరగేసి చూస్తే సీటు కింద రెండు స్క్రూలు వదులయ్యాయి, అలెన్ కీతో రెండు తిప్పులు తిప్పితే సద్దుమణిగింది. ఊగే వస్తువు కదా, స్క్రూలు వదులవుతాయి. ఏడాదికోసారి బిగిస్తున్నాను.

అసలు గొడవ కింద ఉంది. మామూలు కుర్చీకి నాలుగు చోట్లే నేల తగులుతుంది, దీనికి గొట్టం పొడుగునా నేల మీదే ఉంటుంది, మధ్యలో ప్లాస్టిక్ బుడిపెలు లేకపోతే గీతలే గీతలు. ఒక బుడిపె ఎప్పుడు ఊడిపోయిందో చూసుకోలేదు, అక్కడ కోటింగ్ గీసుకుపోయి, తడిగుడ్డ తగిలీ తగిలీ గోరంత తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్ది నల్ల పెయింటు పూశాను, దగ్గరికెళ్తే అతుకు కనిపిస్తుంది.

పిల్లలు సీటు ముందు అంచు మీద నిలబడితే కుర్చీ మొత్తం ముందుకి తిరగబడుతుంది. మా ఇంట్లో రెండుసార్లయింది, దెబ్బలు తగల్లేదు గానీ అప్పట్నుంచి చిన్నపిల్లలొస్తే దీన్ని గోడవారకి జరిపేస్తాను. అన్నట్టు, వెనక కాళ్లు అడ్డు రావు కాబట్టి కింద ఊడవడం మాత్రం హాయి.