ట్రంకు రోడ్డు సందులో బూట్ల అంగడి

సోనియా ఒబెరెమ్ అంటే నాకు ప్రాణం. ట్రైథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) నుంచి మారథాన్‌కి వచ్చిన జర్మన్ రన్నర్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 8వ స్థానం, 2002 మ్యూనిక్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో కాంస్యం. మా అమ్మాయి కూడా ఈత, సైకిల్ మానేసి పరుగే పట్టుకుంటానంది. అందుకే నెల్లూరులో ఈ అంగడికి తీసుకెళ్లాను.

అంగడాయన కొత్త బూట్లు తీయకముందే పాతవి తిరగేసి చూశాడు. కుడి మడమ బయటి అంచు బాగా అరిగింది. "సైకిల్ మీద నీ బరువు సీటు మోస్తుంది పాపా, పరుగులో కాళ్లే మోయాలి. దూరం మెల్లగా పెంచు" అన్నాడు. సాక్సు వేయించి, నిలబెట్టి, కాలి బొటనవేలి ముందు తన చేతి బొటనవేలు ఆనించి చూశాడు. ఆ మాత్రం ఖాళీ లేకపోతే గోళ్లు నల్లబడతాయట. సందులో రెండుసార్లు పరిగెత్తించాడు కూడా. కార్బన్ ప్లేట్ బూట్లు (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేసు బూట్లు) అడిగితే, ఇప్పుడే వద్దని తక్కువ ధరవి ఇచ్చాడు. అమ్ముకునేవాడు అలా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

ఆడపిల్లల సైజులు మాత్రం తక్కువ, బండి పెట్టుకోను చోటుండదు. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి సైజు సరిగ్గా తెలుస్తుంది. మైపాడు రోడ్డు మీద మా పాప రోజూ పరిగెడుతోంది, ఒక్క బొబ్బ కూడా రాలేదు.