టీ నగర్‌లో విదేశీ టీచర్ ఉద్యోగాల కన్సల్టెన్సీ: నా అనుభవం, రెండు స్టార్లు

రెండు స్టార్లు ఇస్తున్నాను, ఆ రెండూ లోపలి గదిలో కూర్చుని సర్టిఫికెట్లు చూసే పెద్దాయనకే. ముందు గదిలో కౌన్సెలింగ్ చేసేవాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వబుద్ధి కాలేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగైనా చదవండి, ముఖ్యంగా డిగ్రీ అయిపోయి కొరియా, జపాన్ గవర్నమెంట్ స్కూళ్లలో ఇంగ్లీష్ చెప్పే ఉద్యోగాల కోసం చెన్నై వస్తున్న మన నెల్లూరు, గూడూరు, తిరుపతి వాళ్లు. ఆఫీసు పేరు మాత్రం రాయను. ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, కాబట్టి పేరు కంటే ఏం అడగాలో తెలియడం అవసరం.

నాది నెల్లూరు. బీ.ఏ. ఇంగ్లీష్ లిటరేచర్, తర్వాత బీ.ఎడ్., టెట్ కూడా క్వాలిఫై అయ్యాను. డీఎస్సీలో పోస్టు రాలేదు. కోడంబాక్కంలో హాస్టల్లో ఉంటూ ఒక ప్రైవేట్ స్కూల్లో చెప్తున్నాను. మొత్తం ప్యాకేజీ 40,000 అన్నారు, అందులో 15,000 అడ్వాన్స్ కట్టాను. 120 గంటల టెఫెల్ కోర్సు (విదేశీయులకు ఇంగ్లీష్ ఎలా చెప్పాలో నేర్పేది), రెజ్యూమె, అప్లికేషన్ పెట్టడం, సర్టిఫికెట్ల అపోస్టిల్ (అవి అసలైనవేనని విదేశాల కోసం మన విదేశాంగ శాఖ చేసే ధ్రువీకరణ), అన్నీ అందులోనే అన్నారు. మా రూమ్మేట్ కూడా అదే రోజు 15,000 కట్టింది. తను బీఎస్సీ చేసింది, బీ.ఎడ్. చేయలేదు.

నా కోపమంతా ఇక్కడే. కొరియా గవర్నమెంట్ స్కూళ్లకు టీచర్లను తీసుకునే ఎపిక్ అనే ప్రోగ్రామ్ 1995 నుంచి ఉంది, అక్కడి విద్యాశాఖ కిందే నడుస్తుంది. దానికి మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే అర్హులు. మనకు దారి ఉన్నది 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఒప్పందం వల్ల, దాన్ని సెపా అంటారు. దాని ప్రకారం మనవాళ్లకు డిగ్రీతో పాటు ఇంగ్లీష్ టీచర్‌గా లైసెన్స్ ఉండాలి. అంటే ఉత్త డిగ్రీతో, ఎంత బాగా ఇంగ్లీష్ మాట్లాడినా సరే, మన పాస్‌పోర్ట్ మీద ఆ ఉద్యోగం రాదు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే మా రూమ్మేట్‌కు చెప్పి ఉంటే తను డబ్బు కట్టేదే కాదు. నేను తర్వాత వెళ్లి "మేడమ్, తనకు బీ.ఎడ్. లేదని ఫారంలోనే రాసింది కదా, ఎలా తీసుకున్నారు?" అని అడిగితే "టెఫెల్ చేస్తోంది కదమ్మా, చూద్దాం" అన్నారు. ఆ పిల్ల వాళ్ల నాన్న చేపల చెరువు దగ్గర పనిచేసి పంపిన డబ్బు అది.

ఇక నా సంగతి. బీ.ఎడ్. ఉన్నవాళ్లకు ఎపిక్‌లో టెఫెల్ సర్టిఫికెట్ అడగరు. బీ.ఎడ్. లేకుండా పెట్టుకునే వీలున్న ఆ ఏడు దేశాల వాళ్లకే కనీసం 100 గంటల కోర్సు కావాలి. నాకు అవసరం లేని కోర్సును ప్యాకేజీలో పెట్టి అమ్మారు. కోర్సు మరీ పనికిరానిది అనను, లెసన్ ప్లాన్ రాయడం మాత్రం బాగా నేర్పారు, కానీ కావాలా వద్దా అనేది నన్ను తేల్చుకోనివ్వాల్సింది. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మన దేశంలో టీచర్ లైసెన్స్ అనే పేరుతో విడిగా కాగితం ఉండదు, బీ.ఎడ్. పట్టా, టెట్ సర్టిఫికెట్ ఉంటాయి. వీటిలో దేన్ని లైసెన్స్‌గా తీసుకుంటారో డబ్బు ఖర్చు పెట్టకముందే ఎపిక్ ఆఫీసుకు మెయిల్ రాసి అడగండి. కౌన్సెలర్‌కు ఈ సందేహమే రాలేదు. నేనే రాశాను.

ఇంకోటి, దీనివల్ల నా అవకాశమే పోయేది. ఎపిక్‌కు అప్లికేషన్ ఫీజు లేదు. నేరుగా పెట్టుకోవచ్చు, లేదా ఒక రిక్రూటింగ్ ఏజెన్సీ ద్వారా పెట్టుకోవచ్చు, కానీ ఒకే దారిలో, ఒకేసారి. రెండు చోట్ల నుంచి వెళ్తే మొత్తానికే తీసేస్తారు. వీళ్లేమో "ఛాన్స్ పెరుగుతుంది" అని నా పేరు మీద రెండు ఏజెన్సీలకు పంపబోయారు. సంతకం పెట్టే ముందు నిబంధనలు చదివాను కాబట్టి ఆపగలిగాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, అప్పటికే పంపేశారేమో అని.

జపాన్ కూడా మా ద్వారానే అన్నారు. జపాన్ వాళ్ల జెట్ ప్రోగ్రామ్ 1987లో మొదలైంది. దానికి అప్లికేషన్ మన దేశంలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారానే వెళ్లాలి, మధ్యలో ఏజెంటుకు పనే లేదు, ఫీజూ లేదు. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు చాలా తక్కువ, అందుకని ఆ ఏడాది ప్రకటన వచ్చిందా లేదా ముందు చూసుకోవాలి. తేనాంపేటలో జపాన్ కాన్సులేట్ ఉంది, కొరియా కాన్సులేట్ కూడా చెన్నైలోనే ఉంది. మనకు అంత దగ్గరలో ఉన్నవాళ్లను అడగకుండా నేను ముందు టీ నగర్ ఎందుకు వెళ్లానా అని ఇప్పటికీ బాధగా ఉంది.

మీరు ఎవరికైనా డబ్బు కట్టాల్సి వస్తే ఒక్కటి అడగండి: విదేశాంగ శాఖ దగ్గర రిక్రూటింగ్ ఏజెంటుగా రిజిస్ట్రేషన్ ఉందా అని. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ లిస్టు ఉంటుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. నేను నంబరు అడిగితే "మేం రిక్రూటర్లం కాదమ్మా, కన్సల్టెంట్లం" అన్నారు. మరి ఉద్యోగం ఇప్పిస్తామని ఎలా చెప్పారో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ పెద్దాయన గురించి. ఆయనది తడ, ముప్పై ఏళ్లకు పైగా చెన్నైలోనే ఉన్నారట. మా అమ్మ నా ఓడీని (ఒరిజినల్ డిగ్రీ పట్టాను) మురిపెంగా నెల్లూరు ట్రంక్ రోడ్డులో లామినేషన్ చేయించింది. అపోస్టిల్ స్టిక్కర్ పట్టా వెనకాల అంటిస్తారు, లామినేషన్ ఉంటే తీసుకోరు. నేను ఏడుపు మొహం పెడితే ఆయన "ఉండమ్మా, కంగారు పడకు" అని ఇస్త్రీ పెట్టె సన్నని వేడి మీద పెట్టి, గుడ్డ అడ్డం వేసి, గంటసేపు కూర్చుని అంచు నుంచి మెల్లగా ఊడదీశారు. అక్షరం చెరగలేదు. (మీరు మాత్రం ఇంట్లో చేయకండి, చేయి తిరిగినవాళ్లకే అది.)

డిగ్రీ ఆంధ్రాది కాబట్టి ముందు అటెస్టేషన్ ఆంధ్రాలోనే జరగాలని, తమిళనాడులో వేయించిన స్టాంపు చెల్లదని చెప్పింది కూడా ఆయనే. ముందు గదిలోవాళ్లు ఇక్కడే అయిపోతుందన్నారు. రాష్ట్రంలో అటెస్టేషన్ అయ్యాక అపోస్టిల్ మాత్రం చెన్నైలోనే అవుతుంది, ఢిల్లీ పంపక్కర్లేదు. విదేశాంగ శాఖ తీసుకునేది ఒక పత్రానికి 50 రూపాయలు, పైన కాగితాలు తీసుకునే ఏజెన్సీ చార్జి కొంచెం. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500. అది కూడా అపోస్టిల్ కావాలి, అది కొత్తదే ఉండాలి కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి.

మన తెలుగువాళ్లకు ఎక్కువగా వచ్చే చిక్కు ఇంటిపేరు. నా మార్కుల మెమోల్లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని పెద్దాయన నోటరీ అఫిడవిట్ రాయించి, అప్లికేషన్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయమన్నారు. నేను అడగకముందే కనిపెట్టారు. ఈ పనికి మాత్రం నేను ఎంతైనా ఇస్తాను, కాగితాల పని ఒక్కటే తీసుకుంటే 6,000 అని తర్వాత తెలిసింది. వెళ్తే ఆ పని కోసమే వెళ్లండి.

కొరియా ఉద్యోగం ఎందుకంత పట్టుబట్టానంటే, వారానికి 22 గంటలు క్లాసులు, ఉండడానికి ఇల్లు వాళ్లే ఇస్తారు, జీతం నెలకు 20 లక్షల వోన్ (కొరియా కరెన్సీ) పైనే, మన డబ్బులో లక్ష దాటుతుంది. ఇప్పుడు నాకు వచ్చేది 14 వేలు. టీచరుగానే ఉండాలని ఉంది, అప్పులు తీరాలని కూడా ఉంది.

నాలుగుసార్లు తిరిగాక మా రూమ్మేట్‌కు 9,000 వెనక్కి ఇచ్చారు, మిగతా 6,000 రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు. అలా అని రసీదులో ఎక్కడా లేదు. తను ఇప్పుడు నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటోంది. ఫ్రాన్స్ స్కూళ్లలో ఇంగ్లీష్ అసిస్టెంట్లకు వారానికి 12 గంటలు పని, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, దానికి బీ.ఎడ్. అక్కర్లేదు కానీ ఫ్రెంచ్ రావాలి. నేను మిగతా 25,000 కట్టలేదు, ఎపిక్‌కు నేరుగా పెట్టుకున్నాను, ఇంటర్వ్యూ కోసం చూస్తున్నాను.

ఆ ఆఫీసులో ఒరిజినల్స్ ఇచ్చినవాళ్లు ఏ పత్రం ఇచ్చారో ఒక్కొక్కటీ రసీదు మీద రాయించుకోండి. నాకు పెద్దాయనే రాసిచ్చారు. శనివారం ఒంటిగంటకు మూసేస్తారు, ఆయన సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఉంటారు.