సింగపూర్ నేషనల్ స్టేడియంలో సెవెంటీన్ కచేరీ: విశాఖ అభిమాని సమీక్ష

కె-పాప్ (దక్షిణ కొరియా పాప్ సంగీతం) బృందం సెవెంటీన్ తన ‘రైట్ హియర్’ పర్యటనలో భాగంగా 2025 జనవరి 25, 26 తేదీల్లో సింగపూర్ నేషనల్ స్టేడియంలో కచేరీలు చేసింది. రెండో రోజు ప్రదర్శనకు విశాఖపట్నం నుంచి మా అమ్మతో కలిసి వెళ్లాను. ఫోన్ తెర మీదే ఈ బృందాన్ని చూస్తూ, ఒక్కసారైనా ఎదురుగా చూడాలని డబ్బు కూడబెట్టుకుంటున్న మన ఊరి అభిమానుల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెట్టిన ఖర్చుకు తగిన ఫలం దక్కింది. అయితే అది వేదికకు దగ్గరగా ఉండటం వల్ల దక్కలేదు, జనంలో ఒకరిగా ఆ కచేరీలో పాలుపంచుకోవడం వల్ల దక్కింది. టికెట్ ఎంచుకునే దగ్గర్నుంచి ప్రతి నిర్ణయమూ ఈ లెక్క ప్రకారం తీసుకుంటే మంచిదని నా నమ్మకం.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా స్కూట్ విమానం ఉంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. వీసాకు అధీకృత ఏజెంటు ద్వారా ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. టికెట్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇలాంటి పర్యటనలకు సాధారణంగా వీవర్స్ అనే అభిమానుల యాప్‌లో అభిమాన సంఘం సభ్యత్వం ఉన్నవారికి ముందు అమ్మి, మిగిలినవి ఆ తర్వాత అందరికీ అమ్ముతారు. కాబట్టి సభ్యత్వానికి కట్టే చిన్న మొత్తం వృథా కాదు. సింగపూర్ సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకుని అమ్మకం వేళను లెక్క వేసుకోవాలి. సామాజిక మాధ్యమాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు అమ్ముతామనే టికెట్ల జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు.

ఇక సీటు. వేదిక ముందు నిలబడి చూసే స్థలం కావాలని చాలామంది కలలు కంటారు. నేను అమ్మ కోసం ఎగువ అంతస్తులో సీట్లు తీసుకున్నాను, కానీ ఇప్పుడు ఒక్కదాన్నే వెళ్లినా అవే తీసుకుంటాను. సెవెంటీన్‌లో మొత్తం పదముగ్గురు సభ్యులు. హిప్‌హాప్, గాత్రం, నృత్యం అని మూడు జట్లు. పదమూడుకు మూడు, ఆ మూడూ కలిసిన ఒక్క బృందం కలిపితే పదిహేడు అన్నది ఆ పేరు వెనకున్న లెక్క. ఇంతమంది ఒకేసారి ఆడుతున్నప్పుడు ఒక్కొక్కరి కాళ్లూ చేతులూ ఎంత ముఖ్యమో, అందరూ కలిసి కట్టే ఆకృతి అంతే ముఖ్యం. నిట్టనిలువు వరుస రెండుగా చీలి, అర్ధచంద్రాకారంగా విచ్చుకుని, మధ్యలో ఉన్నవారు వెనక్కి జారి వెనకవారు ముందుకు వచ్చే ఆ మార్పు నేల మీద నిలబడ్డవారికి ముందువారి తలల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే ముగ్గు వేస్తున్న చేయి కదలికలా మొత్తం ఒకేసారి కళ్లకు కడుతుంది. మొహాలు చూడటానికి ఎలాగూ భారీ తెరలున్నాయి.

బృంద సభ్యుల్లో ఒకరైన జంగ్హన్ 2024 సెప్టెంబరులో కొరియాలో తప్పనిసరైన సైనిక సేవకు వెళ్లారు కాబట్టి పదముగ్గురినీ ఒకే వేదిక మీద చూసే అవకాశం ఈ పర్యటనలో లేదు. నాకు అది లోటే, దాచడం లేదు. అయితే ఖాళీ అయిన చోటు ఖాళీగా కనిపించకుండా ఆ ఆకృతులను తిరిగి అమర్చుకున్న శ్రద్ధను పైనుంచి చూసినప్పుడు వారి మీద నా గౌరవం పెరిగింది. ఆయన పాడవలసిన చోట్ల మా వరుసలోని అమ్మాయిలు గొంతు కలిపి తామే పాడారు.

ఈ కచేరీలో నేను అందరికంటే ముందుగా సిఫారసు చేసే వస్తువు కారట్ బాంగ్. సెవెంటీన్ అభిమానులను కారట్లు అంటారు. వారు చేత పట్టుకునే దీపమే ఈ కారట్ బాంగ్. పారదర్శకమైన గోళంలో వజ్రం ఆకారం ఉంటుంది. విడిగా చూస్తే ఖరీదైన బొమ్మలా ఉంటుంది, ఇంట్లోవాళ్లు ‘దీనికి ఇంత డబ్బా’ అని అడగడంలోనూ తప్పు లేదు. కానీ స్టేడియంలో దాని పని వేరు. కచేరీకి ముందు ఫోన్‌లోని యాప్‌తో దాన్ని బ్లూటూత్ ద్వారా కలిపి, టికెట్ మీదున్న విభాగం, వరుస, సీటు సంఖ్యలను నమోదు చేయాలి. ఆ తర్వాత దాని రంగు మన చేతిలో ఉండదు, నిర్వాహకుల నియంత్రణలోకి పోతుంది. ఏ సీటులో ఏ దీపం ఉందో వారికి తెలుసు కాబట్టి, ఒక విభాగాన్ని గులాబీ రంగులోకీ, పక్క విభాగాన్ని లేత నీలంలోకీ మార్చగలరు. వెలుగును ఒక చివర నుంచి మరో చివరకు అలలా నడిపించగలరు. మా ఎదుటి గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా రంగు మారిన క్షణంలో అమ్మ తన చేతిలోని దీపాన్ని వంచి చూసుకుంది. అదీ అదే రంగులో ఉంది. ఆ తర్వాత కచేరీ ముగిసేదాకా ఆమె దాన్ని దించలేదు. దీపానికి కొత్త బ్యాటరీలు వేసుకుని, అదనంగా కొన్ని దగ్గర పెట్టుకోండి. సీటు వివరాలను హోటల్లోనే నమోదు చేసుకోండి, ఎందుకంటే స్టేడియం దగ్గర అంతమంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే నెట్ సరిగా అందదు.

నినాదాల విషయానికి వస్తే, పాట మొదట్లో సభ్యుల అసలు పేర్లను వరుస తప్పకుండా పలకడం, పల్లవి మధ్యలో నిర్ణీతమైన చోట నిర్ణీతమైన మాటను అందుకోవడం కె-పాప్ కచేరీల్లో ఆనవాయితీ. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద మేం నలుగురం స్నేహితులం వీటిని సాధన చేసేవాళ్లం. ఆ సాధన అక్కడ అక్షరాలా పనికొచ్చింది, కానీ ఒక సంగతి వెళ్లాకే తెలిసింది. శబ్దం వంద మీటర్లు ప్రయాణించడానికి దాదాపు మూడో వంతు సెకను పడుతుంది. అందువల్ల స్టేడియానికి అవతలి చివరనున్నవారి కేక మనకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. వేదిక మీది గాయకులు తాళం కోసం చెవుల్లో ఇయర్ మానిటర్లు (సంగీతాన్ని నేరుగా వినిపించే చిన్న ఇయర్‌ఫోన్లు) పెట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మనం కూడా జనం కేకను కాక, మనకు దగ్గరగా ఉన్న స్పీకర్ నుంచి వచ్చే తాళాన్ని పట్టుకుని పలికితే తడబాటు ఉండదు. దీపాలకు ఆ ఇబ్బంది లేదు. సంకేతం రేడియో తరంగాల మీద వస్తుంది కాబట్టి అన్నీ ఒకే క్షణంలో మారతాయి. ‘ఇంతమంది పిల్లలు ఒక్క మాట తప్పకుండా ఎలా నేర్చుకున్నారే?’ అని అమ్మ నా చెవి దగ్గర అరిచి మరీ అడిగింది.

నాకు నచ్చని విషయం వస్తువుల అమ్మకం. టీషర్టులు, ఫొటోకార్డులు అమ్మే కౌంటర్ల దగ్గర క్యూ ఎంత పొడవుందో, ఏ వస్తువు అయిపోయిందో వెనకవారికి చెప్పే ఏర్పాటే కనిపించలేదు. ఉక్కపోతలో చాలాసేపు నిలబడి ముందుకు చేరాక, కోరినది లేదని తెలిసి కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక చిన్నపిల్లను చూశాను. దూరదేశాల నుంచి వచ్చినవారి సమయానికి నిర్వాహకులు ఇంతకంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. కారట్ బాంగ్‌ను మాత్రం అక్కడ కొనవచ్చులే అని వదిలేయకుండా, నెలల ముందే ఇంటికి తెప్పించుకోవడం క్షేమం.

అదే క్యూలో నాకు ఎంతో నచ్చిన విషయమూ జరిగింది. కె-పాప్ అభిమానులు ఒకరికొకరు చిన్న కానుకలు ఇచ్చుకుంటారు. తామే అచ్చు వేయించిన కార్డులు, స్టిక్కర్లు, మిఠాయిలు సంచుల్లో కట్టుకుని వస్తారు. నేను ఏటికొప్పాక లక్క బొంగరాలు తీసుకువెళ్లాను. బొటనవేలంత బొంగరాన్ని ఇండోనేషియా నుంచి వచ్చిన ఒకామె అరచేతిలో పెట్టుకుని, ఆ పసుపూ ఎరుపూ సహజమైన రంగులేనని చెబితే ఆశ్చర్యపోయి, వెంటనే నేల మీద తిప్పి చూసింది. ఆమె చుట్టూ చిన్న గుంపు చేరింది. తేలికగా, మన ప్రాంతపు గుర్తుగా ఉండే వస్తువు ఏదైనా తీసుకువెళ్లండి.

చివరి భాగం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. 2016లో వచ్చిన ‘ఆజు నైస్’ పాటను ఎంకోర్‌లో, అంటే కచేరీ ముగిశాక జనం కోరితే మళ్లీ వేదికెక్కి పాడే భాగంలో, మళ్లీ మళ్లీ పాడటం సెవెంటీన్ కచేరీలకు పేరు తెచ్చిన అలవాటు. అయిపోయిందనుకుని జనం ఊపిరి తీసుకునేలోగా పల్లవి మళ్లీ అందుకుంటారు, అందరూ మళ్లీ గెంతుతారు. వీడియోల్లో ఇది సరదాగా మాత్రమే కనిపించేది. మూడు గంటలకు పైగా ఆడి పాడిన మనుషులు, ఒళ్లంతా చెమటతో, ఆ పాటను మొదటిసారి పాడుతున్నంత ఉత్సాహంతో మళ్లీ ఎత్తుకోవడాన్ని ఎదురుగా చూశాక, వారు తమ పనిని ఎంత ప్రేమిస్తారో నాకు అర్థమైంది. ఈ ఒక్క భాగం కోసమైనా మంచి బూట్లు వేసుకుని వెళ్లాలి. ఎగువ అంతస్తులో మెట్లు నిటారుగా ఉంటాయి కనుక గెంతేటప్పుడు పెద్దవారిని లోపలి సీటులో ఉంచాలి.

కచేరీ ముగిశాక స్టేడియం మెట్రో స్టేషన్‌లోకి జనాన్ని విడతలవారీగా వదిలారు, తోపులాట లేదు. కొంచెం నడవగలిగితే కల్లాంగ్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. మేం అలాగే చేశాం. ఆ రాత్రికే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. ఎగువ సీటుతో మిగిలే డబ్బును దీపానికీ, ఒక రాత్రి అదనపు బసకూ వాడుకోండి. నా తర్వాతి టికెట్ కూడా పై అంతస్తులోనే, కాకపోతే పక్క విభాగంలో కాకుండా వేదికకు సరిగ్గా ఎదురుగా ఉండే విభాగంలో తీసుకుంటాను. అమ్మ కూడా వస్తానంది.