నెబ్యులాలు చూడటానికి యూహెచ్‌సీ ఫిల్టరా, ఓ-త్రీ ఫిల్టరా?

టెలిస్కోప్ ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి బిగించే ఈ రెండు ఫిల్టర్లూ నెబ్యులా (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘం) వెలుగును పెంచవు. వెనకున్న ఆకాశాన్ని నల్లబరుస్తాయి, దాంతో మసక మేఘం కంటికి ఆనుతుంది. తేడా అంతా ఏ కాంతిని రానిస్తాయన్న దాంట్లోనే ఉంది. ఓ-త్రీ 495.9, 500.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరున్న ఆక్సిజన్ గీతలను (ఆ వాయువు వెదజల్లే ప్రత్యేకమైన రంగుల కాంతిని) మాత్రమే రానిస్తుంది. యూహెచ్‌సీ (అల్ట్రా హై కాంట్రాస్ట్) వాటితో పాటు 486.1 దగ్గరి హైడ్రోజన్ బీటా గీతకూ దారి ఇస్తుంది.

సిగ్నస్ (హంస) నక్షత్ర మండలంలోని వీల్ నెబ్యులా విషయంలో పోటీయే లేదు, ఓ-త్రీదే పైచేయి. ఫిల్టర్ లేకుండా ఎంత వెతికినా దొరకని ఆ సన్నని పోగులు, అది బిగించగానే ఒక్కొక్కటిగా తేలుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. చాలా గ్రహ నెబ్యులాలకూ (చనిపోతున్న నక్షత్రాలు వదిలిన వాయు మేఘాలకూ) ఇదే మేలు. కాకపోతే నక్షత్రాలు బాగా మసకబారతాయి. టెలిస్కోప్ అద్దం చిన్నదైతే, పవర్ ఎక్కువ పెడితే, దృశ్యం మరీ చీకటిగా అనిపిస్తుంది. తక్కువ పవర్ ఐపీస్‌తోనే వాడండి.

ఒరాయన్, లగూన్ లాంటి పెద్ద మేఘాలకు నేను యూహెచ్‌సీ వైపే మొగ్గుతాను. నక్షత్రాలు కొంత మిగులుతాయి, చిన్న టెలిస్కోప్‌కూ ఇబ్బంది ఉండదు. ఒక్కటే కొనగలిగితే ముందు ఇదే కొనండి.

గెలాక్సీలకు, ప్లయడీస్ (కృత్తికల) చుట్టూ ఉండే ప్రతిఫలన నెబ్యులాకు మాత్రం రెండూ పనికిరావు. అక్కడ వచ్చేది నక్షత్రాల కాంతే, ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది. హార్స్‌హెడ్ నెబ్యులాకు విడిగా హైడ్రోజన్ బీటా ఫిల్టర్ కావాలి.