రిస్ట్రిక్టర్ కిట్ అంటూ రీల్స్ చేసే షాపుతో జాగ్రత్త (ఇంట్లో కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలున్నవాళ్లు తప్పక చదవండి)

కొత్తగా నేర్చుకున్నవాళ్ల కోసం బండి పవర్ తగ్గిస్తామంటూ రిస్ట్రిక్టర్ కిట్లు అమ్మే షాపువాడు ఒకడున్నాడు. నిన్న రాత్రి ఆ మహానుభావుడు కొత్త రీల్ పెట్టాడు. "డూప్లికేట్ కిట్లతో జాగ్రత్త, మీ పిల్లల ప్రాణాలతో ఆడుకోకండి" అట. వెనకాల కన్నీళ్లు తెప్పించే మ్యూజిక్ ఒకటి. అది చూశాక ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. వరస తప్పితే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. హెల్మెట్ చేత్తో పట్టుకుని "అమ్మ హ్యాపీ, రైడర్ సేఫ్" అంటూ మొదలుపెట్టేవాడంటే రీల్స్ చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సంగతి క్లుప్తంగా. మా ఆయన బైక్, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, ఇంట్లోనే ఉంది. ఆయన కంపెనీ పని మీద ఇంగ్లండ్‌లో ఉన్నారు. మా తమ్ముడు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వాడికి లైసెన్స్ వచ్చిన రోజు నుంచీ చూపంతా ఆ బండి తాళం మీదే. రెండు వందల కిలోలు దాటిన బండి, 648 సీసీ, నిన్నటిదాకా నా యాక్టివా తోలిన పిల్లాడు. నేను ససేమిరా అన్నాను. వాడు తిన్నగా బావకు ఫోన్ చేసి ఒప్పించుకున్నాడు. ఆయనేమో ఒక షరతు పెట్టారు: ఇంగ్లండ్‌లో కొత్తవాళ్ల బళ్లకు పవర్ తగ్గించే కిట్ వేస్తారు, అలాంటిది హైదరాబాద్‌లో దొరికితే వేయించి అప్పుడు తాళం ఇవ్వు.

అక్కడి పద్ధతి నిజంగానే బాగుంటుంది. 19 ఏళ్లు నిండినవాళ్లకు ఏ2 అని ఒక లైసెన్స్ ఉంటుంది. దాని మీద 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్ దాటని బండే నడపాలి. 2013 జనవరికి ముందు ఈ హద్దు 33 హార్స్‌పవరే ఉండేది. ఏ2 మీద రెండేళ్లు నడిపి మళ్లీ టెస్ట్ పాసైతే, లేదా 24 ఏళ్లు నిండాక నేరుగా టెస్ట్ ఇస్తే ఎంత పెద్ద బండైనా నడపొచ్చు. ఈలోపు పెద్ద బండే కావాలనుకునేవాళ్లు దానికి రిస్ట్రిక్టర్ వేయించుకుంటారు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో సన్న రంధ్రమున్న రింగు పెడతారు, లేదంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిరక్కుండా స్టాపర్ పెడతారు, కొన్ని బళ్లకు ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, సెట్టింగ్ మారుస్తారు. అదీ ఏ బండికి పడితే ఆ బండికి కుదరదు. ఒరిజినల్ పవర్ 70 కిలోవాట్లు దాటిన బండిని ఎంత తగ్గించినా ఏ2 కింద ఒప్పుకోరు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా "కిట్" అనే ఒక్క ముక్క. రీల్ కింద మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "మేడమ్, యూరప్ నుంచి డైరెక్ట్ ఇంపోర్ట్, ఏ2 స్టాండర్డ్, ఆర్టీఏ అప్రూవ్డ్, సర్టిఫికెట్ ఇస్తాం." కిట్‌కు 14,000, ఫిట్టింగ్‌కు 2,500. జీఎస్టీ బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే రేటు మారుతుంది మేడమ్, మీ ఇష్టం" అన్నాడు. నేను పని చేసేది ఆడిటర్ ఆఫీసులో. ఊళ్లోవాళ్ల బిల్లులన్నీ భూతద్దం పెట్టి చూసే దాన్ని, నా 16,500కు తెల్లకాగితం మీద రాసిన లెక్క తీసుకుని పర్సులో పెట్టుకున్నాను. ఫోన్‌పేలో కొట్టాను కాబట్టి కనీసం ఆ స్క్రీన్‌షాట్ మిగిలింది.

బండి పొద్దున ఇస్తే సాయంత్రం ఇచ్చారు. లోపల నిలబడి చూస్తానంటే "ఇన్సూరెన్స్ రూల్ మేడమ్, కస్టమర్‌కు వర్క్‌షాప్‌లో ఎంట్రీ లేదు" అన్నారు. సర్టిఫికెట్ మాత్రం పెళ్లి ఆల్బమ్ కాగితం మీద ప్రింట్ చేసి, లామినేషన్ చేసి, మూలన హాలోగ్రామ్ స్టిక్కర్ అంటించి ఇచ్చారు. "35 కిలోవాట్లకు పరిమితం చేయబడింది" అని బంగారు రంగు అక్షరాలు. చాసిస్ నంబర్ రాయాల్సిన గీత ఖాళీగా ఉంది. ఇదేంటండీ అంటే "మార్కర్‌తో మీరే రాసుకోవచ్చు మేడమ్" అన్నాడు. లామినేషన్ మీద!

తమ్ముడు బండి తీశాక మొదట్లో "అక్కా, పికప్ తగ్గింది, కిట్ పని చేస్తోంది" అన్నాడు. తగ్గిన మాట నిజమే. దాంతోపాటు వణుకు మొదలైంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో ఫట్ ఫట్‌మని పేలడం మొదలైంది. తర్వాత తార్నాక సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా రేజ్ దిగలేదు. ముందు స్కూటీ మీద ఒకావిడ, వెనక సిటీ బస్సు. క్లచ్ నొక్కి పట్టుకుని కిల్ స్విచ్ కొట్టాడు కాబట్టి సరిపోయింది. లైసెన్స్ కొత్త అయినా వాడికి ఆ మాత్రం బుద్ధి పనిచేసింది. బండిని అక్కణ్నుంచి తోసుకుంటూ పక్కకు తీసి నాకు ఫోన్ చేశాడు.

షాపుకు ఫోన్ చేస్తే "కొత్త కిట్ కదా, సెట్ కావడానికి టైమ్ పడుతుంది, ఐదొందల కిలోమీటర్లు తోలండి" అన్నారు. రేజ్ దిగని బండిని ఐదొందల కిలోమీటర్లు!

మా కాలనీ చివర మెకానిక్ అన్న దగ్గరికి ట్రాలీలో తీసుకెళ్లాం. ఆయన ముందు ఏదీ విప్పలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, గాలి లోపలికి వెళ్లే రబ్బరు గొట్టాల చుట్టూ కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టాడు. కుడి పక్క కొడితే ఏమీ లేదు. ఎడమ పక్క కొట్టగానే ఇంజిన్ శబ్దం మారిపోయింది. "ఇక్కడ గాలి పీలుస్తోందమ్మా" అన్నాడు. ఎక్కడో సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంటే రేజ్ దిగదట. విప్పితే ఎడమ సిలిండర్ దారిలో ఒక అల్యూమినియం రింగు. లోపలి అంచున లేత్ మిషన్ గీతలు తడిమితే వేలికి గరుగ్గా తగులుతున్నాయి, ఒకచోట మొన కూడా తేలి ఉంది. గ్యాస్కెట్ అన్నది లేదు, చుట్టూ బూడిద రంగు సీలెంట్ పూసేశారు, అది పొరలుగా ఊడిపోతోంది. కుడి సిలిండర్‌లో ఏమీ లేదు. మళ్లీ చెబుతున్నా, ఏమీ లేదు. ఈ బండికి రెండు సిలిండర్లు, గాలి దారులూ రెండు. ఒకదానికి బిరడా పెట్టి రెండోదాన్ని వదిలేశారు. "ఇది యూరప్ నుంచి రాలేదమ్మా, బాలానగర్ లేత్‌లో రెండొందలిస్తే తిప్పి ఇస్తారు" అన్నాడు అన్న. ఆ మొన విరిగి లోపలికి పోయి ఉంటే వాల్వుల సంగతి ఏమయ్యేదో కూడా చెప్పాడు, అది ఇక్కడ రాయాలన్నా నాకు టెన్షన్‌గా ఉంది. విప్పుతున్నంతసేపూ తమ్ముడు ఫోటోలు తీశాడు, అదొక్కటే ఇప్పుడు నాకు దిక్కు.

ఇక అసలు కథ. ఆ రింగు తీసుకుని షాపుకు వెళ్లాను.

ఆ రీల్స్ మనిషి అద్దం కౌంటర్ వెనక కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఫిట్టింగ్ చేసిన కుర్రాళ్లు ఇద్దరు పక్కనే ఉన్నారు. రింగు కౌంటర్ మీద పెట్టి, రెండోది ఏదండీ అన్నాను. అతని మొదటి మాట, "ఎవరు ఇప్పిండ్రు మేడమ్? ఇప్పితే వారంటీ పోయినట్టే." రెండో మాట, "ఒక్క రింగు చాలు, బ్యాలెన్స్ దానంతటదే అయిపోతది." ఇంజిన్‌కు అంత సర్దుకుపోయే గుణం ఉంటుందని నాకు తెలియదు. కుదరదు, డబ్బు వాపస్ ఇవ్వండి అన్నాను. అప్పుడు గ్లాసు కింద పెట్టి, నా మొహం కూడా చూడకుండా, "బండి సంగతి మీకు సమజ్ కాదు మేడమ్. సార్‌ని పంపుండ్రి, మాట్లాడ్త" అన్నాడు.

సరే, సార్ కావాలి కదా అని అక్కడే వీడియో కాల్ కలిపాను. ఒక్కసారిగా గొంతు మారిపోయింది. "నమస్తే సార్, బాగున్నరా సార్, అక్కడ చలి ఎట్లుంది సార్?" నాతో మాట్లాడినవాడేనా ఇతను అనిపించింది. మా ఆయన చలి గురించి ఏమీ చెప్పకుండా "రెండో రింగు ఎక్కడండీ?" అన్నారు. "సార్... హలో... సార్, నెట్‌వర్క్ లేదు సార్" అని కాల్ కట్ చేసి ఫోన్ నా చేతికిచ్చాడు. ఫుల్ సిగ్నల్ ఉంది.

తర్వాత చెయ్యి చాపి, "ఏదీ, ఒకసారి చూస్త ఇటియ్యుండ్రి" అన్నాడు, చాలా మర్యాదగా. ఇచ్చాను. రింగును లైటుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. అలా చూస్తూ చూస్తూనే కౌంటర్ కింద నుంచి పాత డాల్డా డబ్బా ఒకటి బయటికి లాగి అందులో పడేశాడు. టంగుమని శబ్దం వచ్చింది. డబ్బా నిండా అలాంటి రింగులే, వాషర్లు, నట్లు.

నా రింగు ఇవ్వండి అన్నాను.

"ఏ రింగ్ మేడమ్?"

ఇప్పుడు మీ చేతికిచ్చింది అన్నాను. డబ్బా నా వైపు జరిపి, "గిన్ని ఉన్నయి. మీది ఏదో చూపెట్టుండ్రి, తీస్కపోండ్రి" అన్నాడు. కుర్రాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. రెండోవాడు, బండి విప్పి బిగించినవాడే, తల వంచుకుని చేతిలోని గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానర్‌ను తుడుస్తూ నిలబడ్డాడు. నేను ఆ డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను కూడా. ఎందుకు వెతికానో నాకే తెలియదు. చేతికంతా గ్రీజు అయింది గానీ రింగు తెలియలేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. అంటే ఇంకెంతమంది బళ్లకు అవే వేశారో మీరే అర్థం చేసుకోండి. 16,500 పోయినందుకు కూడా ఇంత కోపం రాలేదు. ఆ "ఏ రింగ్ మేడమ్" ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఆ రాత్రి మా ఆయన నెట్‌లో వెతికి ఫోన్ చేశారు. గొంతులో ఏదో తేడా. సంగతేంటంటే, ఇంటర్‌సెప్టర్ కంపెనీ నుంచి వచ్చేదే 47 హార్స్‌పవర్‌తో. ఇంగ్లండ్‌లో అదే బండిని ఏ కిట్టూ లేకుండా ఏ2 లైసెన్స్ వాళ్లకు షోరూమ్‌లో అమ్ముతారు. అంటే 35 కిలోవాట్ల బండిని 35 కిలోవాట్లకు తగ్గించామని నాకు బంగారు అక్షరాల సర్టిఫికెట్ ఇచ్చారన్నమాట. గుండు గీయించుకుని కూర్చున్నవాడికి మళ్లీ క్షవరం చేసి డబ్బులు గుంజినట్టుంది. ఇంత చదువుకున్నారు, మీరైనా ముందే చూడొద్దా అని ఆయన మీద అరిచాను. ఆయన ఏమీ అనలేదు.

ఇక ఆ "ఆర్టీఏ అప్రూవ్డ్" ముక్క. మన దగ్గర పవర్‌ను బట్టి లైసెన్సులు ఇవ్వడమే లేదు. గేర్ల బండి లైసెన్స్, అదే ఎంసీడబ్ల్యూజీ, ఒకసారి వచ్చిందంటే వంద సీసీ బండైనా వెయ్యి సీసీ బండైనా అదే కార్డు. కాబట్టి ఏ2 సర్టిఫికెట్ ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో చూపించినా ఎవరికీ అక్కర్లేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని మార్పుకు బండి యజమానికి ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమానికి! అంటే మా ఆయనకు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు ఉందని క్లెయిమ్ దగ్గర పేచీ పెడితే, రీల్స్ చేసేవాడు వచ్చి నిలబడడు.

ప్రస్తుతం బండి మెకానిక్ అన్న దగ్గరే ఉంది. సీలెంట్ ముక్కలన్నీ గీకి శుభ్రం చేశాడు, ఎడమ పక్కకు కొత్త రబ్బరు ఆర్డర్ పెట్టాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. తమ్ముడు మెట్రోలో వెళ్తున్నాడు. ఇప్పటికి నా యాక్టివా ఒక ఏడాది తోలు, తర్వాత చూద్దాం అన్నాను. "యాక్టివాకు కిట్ వద్దా అక్కా" అన్నాడు వెధవ.

మీలో ఎవరికైనా నిజంగా పవర్ తగ్గించే అవసరం ఉంటే ముందు ఆ బండి ఒరిజినల్ పవర్ ఎంతో కంపెనీ సైట్‌లో చూసుకోండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. కిట్ అంటే మీ మోడల్ పేరు మీద ఉండాలి, సిలిండర్‌కు ఒక రింగు చొప్పున గ్యాస్కెట్లతో సహా ఉండాలి, పక్కా బిల్లు ఉండాలి. వేసే ముందు, వేశాక ఫోటోలు తీసుకోండి. వర్క్‌షాప్‌లోకి రానివ్వకపోతే బండి ఇవ్వకండి. గొడవ పడటానికి వెళ్తే ఫోన్‌లో వీడియో ఆన్ చేసుకుని వెళ్లండి, రింగు మాత్రం చేతికివ్వకండి, దూరం నుంచి చూపించండి చాలు.

ఆ రీల్ కింద ఈ విషయమంతా కామెంట్ పెట్టాను. ఐదు నిమిషాల్లో తీసేసి నన్ను బ్లాక్ చేశాడు. ఇంకెవరికైనా ఒక్క రింగే దొరికితే చెప్పండి, అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం.